“మాద్రే మీయా” అంటే “మా అమ్మ” కాదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

2024 అక్టోబరు 29న స్పెయిన్ దేశంలోని వలెన్సియా ప్రాంతాన్ని ముంచెత్తి, 220 మందికి పైగా ప్రాణాలు తీసిన వరద గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. అంత దూరాన ఉన్న జనం కష్టాన్ని మన పాఠకుల ముందుకు తెచ్చినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసం మధ్యలో, మోకాళ్ల లోతు బురదలో నిలబడిన ఒక వృద్ధురాలి ఫొటో కింద, ఆమె అన్న మాటలను “మాద్రే మీయా, కే దెసాస్త్రే” అని తెలుగు లిపిలో ఇచ్చి, వాటి అర్థంగా “మా అమ్మ, ఎంతటి విపత్తు” అని రాసి, ఆ పక్కనే “తల్లిని పోగొట్టుకున్న ఆవేదన” అని శీర్షిక పెట్టారు. ఆ శీర్షిక చూసి నాకు మనసు చివుక్కుమన్నది. ఆమె మాటల్లో తల్లి ప్రస్తావనే లేదు. “మాద్రే మీయా” అంటే మన “అమ్మో!” అంతే.

ఈ సంగతి చెప్పడానికి నాకున్న అర్హత చిన్నదే. నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో ముప్ఫై ఏళ్లకు పైగా మరాఠీ మాధ్యమంలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు ఇంటి ఆడపడుచును. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా వలెన్సియా నగరం పక్కనే ఉంటారు. మనవరాలు పుట్టినప్పుడు ఒకసారి, ఆ తరువాత మరొకసారి కొన్ని నెలలు అక్కడ ఉండి, పక్కింటి పెద్దావిడ దగ్గర వంటింటి స్పానిష్ నేర్చుకున్నాను. వ్యాకరణం కన్నా ముందు నాకు పట్టుబడినవి ఆమె నోట నిమిషానికొకటి దొర్లే ఈ చిన్న మాటలే. బడిలో వీటిని ఆశ్చర్యార్థకాలని చెబుతాము గానీ వాటిలో ఆశ్చర్యం పాలు తక్కువ. నొప్పి, జాలి, ముద్దు, విసుగు, ఊరట, ధైర్యం చెప్పడం, మాట ముగించడం, ఇలా ఎన్నో పనులు అవి చేస్తాయి.

“మాద్రే” అంటే తల్లి, “మీయా” అంటే నాది అని నిఘంటువు చెప్పేది నిజమే. కానీ స్పానిష్ మనిషి తన తల్లిని గురించి మాట్లాడదలచుకుంటే “మి మాద్రే” అంటుంది. స్వామ్యాన్ని తెలిపే “నా” అనే మాట ముందు వస్తుంది. అదే మాట వెనక్కు వెళ్లి “మాద్రే మీయా” అయినప్పుడు అది కేక. దేవుడిని పిలిచే “దియోస్ మీయో” కూడా ఇదే అచ్చులో పోసినది. మీ అనువాదకుడు ఈ వరుస తేడాను ఒక్కటి గమనించి ఉంటే ఆ శీర్షిక పుట్టేదే కాదు. మనం కాలికి ముల్లు గుచ్చుకుంటే “అమ్మా” అంటాము, పాము కనబడితే “అమ్మో” అంటాము, కూరగాయల ధర వింటే “బాబోయ్” అంటాము. మా ఊరి మరాఠీ పిల్లవాడు కింద పడితే “ఆయీ గ!” అని ఏడుస్తాడు, ఆ మాటలో “ఆయీ” అంటే అమ్మే, అయినా ఎవరూ వాడి అమ్మకు ఏమైందోనని పరుగెత్తరు, వాడి మోకాలు చూస్తారు. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత కలిసి పొంగి మా తాలూకా గ్రామాలను ఖాళీ చేయించినప్పుడు, మూటలు నెత్తిన పెట్టుకొని గట్టెక్కిన ఆడవాళ్ల నోట నేను విన్నవి కూడా ఈ కేకలే: తెలుగువారు “అవ్వో”, “అమ్మో” అన్నారు, మరాఠీవారు “బాప్‌రే”, “ఆయీ గ” అన్నారు. వాటిని ఎవరైనా “మా అవ్వ”, “మా తండ్రి” అని రాసుకొని పోయి, ఈ ఊళ్లో ఇందరు తల్లులు, ఇందరు తండ్రులు పోయారని అచ్చు వేస్తే మాకు ఎలా ఉంటుందో దయచేసి ఆలోచించండి. ఆ ఫొటోలోని ఆమెకు కూడా అలాగే ఉంటుంది.

రెండు భాషల నడుమ బతికే మాకు ఈ ప్రమాదం కొత్తది కాదు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో గోదావరి అవతలి నుంచి ఒక తెలుగు పెద్దాయన బహుమతులు ఇవ్వడానికి మా బడికి వచ్చారు. పేరు పిలవగానే ఒక మరాఠీ అమ్మాయి తనకు బహుమతి వస్తుందని అనుకోక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని “అయ్యా!” అన్నది. ఆయన ఎంతో సంతోషించి, పిల్లలు ఇంత వినయంగా “అయ్యా” అని సంబోధించడం ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. మరాఠీలో ఆ “అయ్యా” ఆడపిల్లలు, ఆడవాళ్లు ముచ్చటపడి, సిగ్గుపడి, ఆశ్చర్యపడి అనే మాట, మన “అబ్బ, నిజమా!” అన్నదానికి దగ్గర. ధ్వని మన చెవికి అలవాటైనదే కావడం వల్లనే ఆయన పొరబడ్డారు. తెలియని మాట వినబడితే మనిషి ఆగి అడుగుతాడు; తెలిసినట్టు వినబడిన మాటకు ఆగడు. స్పానిష్ కేకలతో వచ్చే చిక్కులో సగం ఇదే.

మీ వ్యాసంలోనే దానికి మరో ఉదాహరణ ఉన్నది. పారలు, చీపుర్లు పట్టుకొని నగరం నుంచి నడిచి వెళ్లి బురద ఎత్తిన వేల మంది యువకులను గురించి రాస్తూ, వారిలో ఒక అర్జెంటీనా కుర్రవాడు తన స్నేహితుణ్ని “చే, బెనీ” అని పిలిచినట్టు, దాని అర్థం “ఛీ, రా” అని ఇచ్చారు. అక్కడ చీదరింపు ఏమీ లేదు. “చే” అంటే “ఒరే”, “ఇదుగో”, “ఏమోయ్”. అర్జెంటీనాలో స్నేహితుణ్ని పిలవడానికి, మాట మొదలుపెట్టడానికి ఊపిరి తీసినంత సహజంగా వాడే మాట అది. మన పాఠకులందరికీ తెలిసిన చే గువేరాకు ఆ పేరు వచ్చింది దీని నుంచే. ఆయన అసలు పేరు ఎర్నెస్తో. అర్జెంటీనాలో పుట్టినవాడు గనుక మాటమాటకూ “చే” అనేవాడు, క్యూబా సహచరులకు అది వింతగా వినబడి ఆయనను అదే పేరుతో పిలవసాగారు. తరువాత ఆయన క్యూబా జాతీయ బ్యాంకుకు అధ్యక్షుడైనప్పుడు కరెన్సీ నోట్ల మీద కూడా “చే” అనే సంతకం చేశాడు. ఒక పిలుపు నోటు మీదికి ఎక్కిన సందర్భం నాకు తెలిసి మరొకటి లేదు. వలెన్సియా ప్రాంతంలోనూ ఇదే ధ్వనితో ఒక పలకరింపు ఉన్నది, అక్కడి ఫుట్‌బాల్ జట్టును “చే” జట్టు అనే పిలుస్తారు. అంటే ఆ కుర్రవాడు అన్న మాట ఆ ఊరి వారికీ ఇంటి మాటలాగే వినబడి ఉంటుంది. “ఒరే, ఇటు రా” అనో, “ఇదుగో, రా” అనో రాయవలసిన చోట “ఛీ” అని రాస్తే, సాయానికి వచ్చిన వాడిని సాటివాడిని ఈసడించిన వాడిగా చూపినట్టయింది.

మూడవ తప్పు పైకి అంతగా కనబడదు గానీ నా దృష్టిలో అదే పెద్దది. ఒక ఇల్లాలు “ఓహలా బాహే ఎల్ ఆగ్వా” అన్నట్టు రాసి, “ఆశాజనకంగా నీరు తగ్గుతుంది” అని అర్థం ఇచ్చారు. ఇది తెలుగు వాక్యమే కాదన్నది ఒక సంగతి; అంతకన్నా ముఖ్యమైనది, ఆమెకు ఆశ ఉన్నట్టు ఇది చెబుతున్నది. ఆమె అన్నది “నీళ్లు తగ్గితే బాగుండు” అని. “ఓహలా” అరబ్బీ నుంచి వచ్చిన మాట. స్పెయిన్‌లో 711 నుంచి 1492 వరకు ఏదో ఒక భాగంలో ముస్లిం పాలన సాగింది. “అల్లా తలిస్తే” అనే అర్థంగల అరబ్బీ మాట నలిగి నలిగి “ఓహలా” అయింది. ఇప్పుడు చర్చికి వెళ్లే ముసలమ్మ కూడా, దేవుడిని నమ్మని కుర్రవాడు కూడా అదే అంటారు, అల్లా పేరు అందులో ఉన్నదని తలచుకోరు. మనం పారసీ నుంచి వచ్చిన “శభాష్”ను గుడిలో భజన బాగా పాడిన పిల్లకూ అంటాము కదా, అటువంటిదే. ఈ మాట తరువాత వచ్చే క్రియ జరిగేదాన్ని చెప్పదు, జరగాలని కోరుకునేదాన్ని చెబుతుంది. స్పానిష్‌లో ఆ కోరిక వాక్యం తలలో ఉంటుంది. తెలుగులో అది తోకలో, “తగ్గితే బాగుండు” అనే చివరి మాటలో ఉంటుంది. కాబట్టి “ఓహలా”కు తెలుగులో ఒక మాట వెతకడమే పొరపాటు, వాక్యం చివర మార్చాలి. కోరికను సమాచారంగా మార్చి రాస్తే, నిస్సహాయంగా నిలబడ్డ మనిషి ధీమాగా ఉన్నట్టు అచ్చవుతుంది.

వ్రాతలో వచ్చే చిక్కు మరొకటి ఉన్నది, అది మా ఇంట్లోనే జరిగింది. వరద వచ్చిన రెండవ రోజు, నాకు స్పానిష్ నేర్పిన పెద్దావిడ చెల్లెలు తన ఫోను నుంచి పంపిన చిన్న సందేశాన్ని మా అమ్మాయి మా బంధువుల బృందానికి పంపింది. మంచిర్యాలలో ఉన్న మా మరిది కొడుకు దాన్ని ఫోనులోని అనువాద యంత్రంలో పెట్టి చూశాడు. “నా ఇల్లు ఉంది, నా ఇల్లు ఉంది” అని వచ్చింది. “దేవుడి దయ, ఇల్లు నిలిచింది” అని అందరూ సంతోషపడ్డారు. నిజానికి ఆమె రాసింది “అయ్యో నా ఇల్లు, అయ్యో నా ఇల్లు” అని. స్పానిష్‌లో “అయ్” అనే కేకకు, “ఉన్నది” అనే క్రియకు పలకడంలో తేడా లేదు, రెండూ “అయ్”. రెండవదానికి ముందు ఆంగ్లంలోని h అక్షరం ఒకటి రాస్తారు, దాన్ని పలకరు. ఎక్కువ చదువుకోనివారు, తొందరలో ఉన్నవారు, ఏడుస్తూ రాసేవారు ఒకదానికి బదులు మరొకటి రాయడం అక్కడ మామూలు. “అక్కడ” అనే అర్థమున్న “అయీ” కూడా వీటితో కలిసిపోతుంది. అందుకే అక్కడి బడుల్లో “అయీ అయ్ ఉన్ ఓంబ్రే కే దీసే అయ్”, అంటే “అక్కడ అయ్యో అంటున్న మనిషి ఒకడున్నాడు” అనే వాక్యంతో ఈ మూడింటినీ విడదీసి నేర్పుతారు. యంత్రం ఆ ఒక్క అక్షరాన్ని నమ్మింది. పోయిన ఇంటిని నిలబెట్టింది. ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసి అసలు సంగతి చెప్పినప్పుడు, పొద్దుటి నుంచి అభినందనలు పంపుతున్న మేమందరమూ ఏమి మాట్లాడాలో తెలియక ఊరకుండిపోయాము.

ఆ “అయ్” ఒక్కదానికే ఎన్ని ముఖాలో చెప్పాలంటే ఒక వ్యాసం కావాలి. పొట్టిగా అంటే చెయ్యి కాలినట్టు. మూడుసార్లు వరసగా అంటే “ఇప్పుడేం చేద్దామే” అన్నట్టు. చంటిపిల్లను చూసి మెత్తగా సాగదీస్తే అది మన “అబ్బ, నా బంగారు తల్లి” అనే ముద్దు. స్పెయిన్ దక్షిణాన ఉన్న అండలూసియాలో ఫ్లమెంకో అనే సంప్రదాయ గానం పాడేవారు పాట ఎత్తుకునే ముందు ఇదే “అయ్”ని గుండె లోతు నుంచి తీసి ఎంతో సేపు సాగదీస్తారు. ఆ తరువాతనే మాటలు వస్తాయి. దానికి దగ్గరగా వినబడే “ఉయ్” మాత్రం వేరు; గోలు అంగుళం తేడాతో తప్పిపోయినప్పుడు స్టేడియం అంతా కలిసి అనేది అది. వ్రాతలో సహాయపడగలిగిన గుర్తు ఒకటి ఉండేది. స్పానిష్‌లో ప్రశ్నకు ముందు కూడా తలకిందుల గుర్తు పెట్టాలని అక్కడి భాషా సంస్థ అయిన రాయల్ అకాడమీ 1754లోనే చెప్పింది, ఆశ్చర్యార్థకానికీ అదే పద్ధతి స్థిరపడింది. కేక ఎక్కడ మొదలైందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఫోనుల్లో రాసుకునేటప్పుడు ఇప్పుడు ఆ ముందు గుర్తును చాలామంది వదిలేస్తున్నారు, అందువల్ల చదివేవారే సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. నవ్వు కూడా అంతే: వారి “హ” ధ్వనికి వాడే j అక్షరం ఆంగ్లం చదివిన మన కంటికి “జ”లా కనబడుతుంది గనుక, ఒకరి నవ్వును “జజజ” అని అచ్చు వేసిన చోట్లు నేను చూశాను.

క్రియల నుంచి పుట్టిన కేకల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే వీటికి మన దగ్గర దీటైనవి ఉన్నాయి. “బెంగా” అంటే మాట వరసకు “రండి”. వాడుకలో “కానీ, కానీ”, “పదండి” అని తొందరపెట్టడం, ఉత్సాహపరచడం, ఫోను పెట్టేసే ముందు “సరే మరి” అనడం. మన చెవికి బెంగలా వినబడే ఆ మాటతోనే వారు బెంగపడ్డవారికి ధైర్యం చెప్పడం నన్ను మొదట్లో ఎంతో కదిలించింది. మీ వ్యాసంలో “బెంగా, ఆనిమో” అన్నదానికి “రండి, ఉత్సాహం” అని ఉన్నది. “కానీండి, గుండె దిటవు చేసుకోండి” అని ఉండవలసింది. “ఆందా” అంటే “నడువు”, కానీ అది “ఔనా!” కావచ్చు, “అబ్బ, రావే” అనే బతిమాలడమూ కావచ్చు. మనం “పో, అబద్ధం” అన్నప్పుడు ఎవరూ లేచి వెళ్లిపోరు కదా. “కే బా” అన్నది మన “అబ్బే”కు అచ్చంగా సరిపోతుంది. “ఓంబ్రే” అంటే మగవాడు, అయినా పక్కింటి పెద్దావిడ మా అమ్మాయి తలుపు తట్టినప్పుడల్లా సంతోషంగా “ఓంబ్రే!” అనే తలుపు తీసేది. మెక్సికోలో మరికొన్ని, కొలంబియాలో మరికొన్ని ఉంటాయి. 20 దేశాలకు అధికార భాష అయినప్పుడు కేకలు ఒకటిగా ఉండవు, కాబట్టి మాట్లాడినవారు ఏ దేశస్థులో తెలుసుకోవడం అనువాదకుడి మొదటి పని.

తిట్టును మింగి దాని బదులు అనే మాటలు ఇంకొక రకం. చర్చిలో ఇచ్చే పవిత్రమైన అప్పం పేరుతో ఒట్టు పెట్టినట్టు వినబడే ఒక మోటు మాటకు బదులుగా మర్యాదస్తులు “ఓస్త్రాస్” అంటారు. ఆ పదానికి అర్థం ఆల్చిప్పలు. బురదలో కారు కొట్టుకుపోతుంటే ఒకాయన “ఆల్చిప్పలు!” అన్నాడని రాస్తే పాఠకుడు ఏమనుకోవాలి? మన పెద్దవాళ్లు తిట్టబోయి నాలుక మడిచి “నీ ఇల్లు బంగారంగానూ” అంటారు. దాన్ని ఎవరైనా స్పానిష్‌లోకి యథాతథంగా మార్చి, తెలుగువారు కోపం వస్తే ఎదుటివారికి బంగారు ఇల్లు కోరుకుంటారని రాస్తే మనం ఒప్పుకోము.

మీ కార్యాలయంలో స్పానిష్ వచ్చినవారు ఉండకపోవచ్చునని, యంత్రం సాయం లేకుండా ఇంత వేగంగా వార్తలు ఇవ్వడం కష్టమని నాకు తెలుసు. నేను అడిగేది యంత్రాన్ని మానమని కాదు. కేక వచ్చిన ప్రతి చోటా ఆ యంత్రం ఇచ్చిన మాటను పక్కన పెట్టి, ఎవరు, ఎవరితో, ఏమి జరిగినప్పుడు అన్నారో చూడండి. అదే సమయంలో మన ఊరి మనిషి ఏమంటుందో అది రాయండి. అది తెలియనప్పుడు ఆ ధ్వనిని అలాగే ఉంచండి. “అయ్” అని ఉంటే తెలుగు పాఠకుడికి బాధ అర్థమవుతుంది. “ఉంది” అని ఉంటే అర్థం కాదు. ముఖ్యంగా, చావు వార్తలో “తల్లి”, “తండ్రి”, “బిడ్డ” అనే మాట కేకలో వచ్చినప్పుడు, దాన్ని బట్టి మృతుల వివరాలు రాయకుండా, ఆ భాష ఎరిగిన ఒక మనిషిని అడగండి. హైదరాబాదులో స్పానిష్ నేర్పేవారు ఉన్నారు. మా అమ్మాయి లాగా ఆ దేశాల్లో ఉంటున్న తెలుగువారూ ఉన్నారు, ఒక్క ఫోనుతో చెబుతారు. అవసరమైతే నాకు వచ్చినంతలో నేనూ చూసి పెడతాను, దానికి ఏ ప్రతిఫలమూ వద్దు.

ఇక ఆ ఫొటో గురించి. వచ్చే ఆదివారం అనుబంధంలో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆమె తల్లి ఆ వరదలో పోయిందని చెప్పే మాట ఏదీ ఆమె అనలేదని, “తల్లిని పోగొట్టుకున్న ఆవేదన” అనే శీర్షికను వెనక్కు తీసుకుంటున్నామని, ఆమె అన్న మాటలకు తెలుగు ఇది అని రాయండి: “అమ్మో, ఎంత ఘోరం జరిగిపోయింది!”

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర.